"నాన్నగారి దయ వల్ల" దగ్గర ఆగిన పెన్ను

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పై వాటా రైల్వే ఆయన భార్య. కుర్రాళ్ళందరూ కంప్యూటర్ కోర్సులకని అమీర్‌పేట పరిగెడుతున్న రోజులవి. సీతాఫల్‌మండిలో మా ఇంటికి మాత్రం ఇంకా ఫోన్ లేదు. ఎవరు చేసినా వాళ్ళింటికే.

"అక్కా, వారపత్రికోళ్ళు ఫోన్ చేసిన్రు. నీకు సదువు చెప్పినోళ్ళ మీద రాయాల్నంట, పది రోజులల్ల. జెర మా ఫోన్ గురించి సుత రాయరాదూ!"

దేవుడి ముందు కాగితం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. బడి మొహం చూడనిదాన్ని, నా కథలు అచ్చవుతున్నాయంటే చదువుల తల్లి సరస్వతమ్మ చలవే. "నాన్నగారి దయ వల్ల నాకు ఇంటి దగ్గరే చదువు అబ్బింది" అని మొదలుపెట్టాను. అక్కడే పెన్ను ఆగింది. ఆరు రోజులు ఆగింది. ఏదో అపచారం చేశాననుకుని, వ్యాసానికి కూర్చోవలసిన వేళంతా రామకోటి రాశాను. రామకోటి పుస్తకం నిండింది. వ్యాసం ఒక్క వాక్యం కదల్లేదు.

ఏడో రోజు అన్నయ్య వచ్చాడు, కొడుక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని కాజాలు పట్టుకుని. "మనింటి చదువంతా నాన్నగారు పెట్టిన భిక్షే. ఆడపిల్లవని చూడకుండా నీకూ నేర్పించారు కదే. ఆ మాట బాగా రాయి."

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరు నేర్పించారు? ముందు గదిలో నాన్నగారు అన్నయ్యకు పాఠాలు చెబుతుంటే, ఆడపిల్లలం ఆ గడప దాటేది మంచినీళ్ళు అందించడానికే. నా చేత అక్షరాలు దిద్దించింది అక్క. అమ్మ మంచం పట్టిందని ఐదో తరగతిలో బడి మాన్పించి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టిన అక్క. అన్నయ్య పాత పుస్తకాలు బియ్యం డబ్బా వెనక దాచి, పప్పు ఉడికేలోపు ఒక పేజీ చెప్పేది.

"ఏటే అలా చూస్తావు? దిద్దు," అనేది అక్క. " ఎవరైనా అడిగితే నాన్నగారే నేర్పారని చెప్పు. ఆయనకీ గొప్పగా ఉంటుంది, అప్పుడు మాన్పించరు."

ఆ మాటే ముప్ఫై ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను. అక్క పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళకు కూడా అదే చెప్పాను.

"నాకు చదువు చెప్పింది అక్క," అన్నాను.

"సర్లే, నాలుగక్షరాలు ఎవరైనా చెబుతారు. పోయినవాళ్ళ మీద లేనిపోనివి రాసి పరువు తియ్యకు."

"అక్క పోలేదా మరి?"

కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళనిచ్చాను.

ఆ కాగితం చింపేసి కొత్తది తీశాను. ఈసారి పెన్ను ఆగలేదు. తండ్రి మీద ఇలా రాస్తున్నందుకు క్షమించమని రాముణ్ణి అడగబోయి మానేశాను. క్షమాపణ చెప్పుకోవలసింది అక్కకు. సాయంత్రానికి ఎనిమిది పేజీలయ్యాయి. కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు, ముఖ్యంగా నా మీద.

ఇది చదివినవారు ఇంట్లో దీపం పెట్టుకునేటప్పుడు మా అక్కను ఒక్కసారి తలుచుకోండి. నా పంతులమ్మ ఆవిడే.