పెద్ద తెర మీద రెండాటలు

మా ఆయన ఒక సినిమాలో నడిచారు. నటించానని ఆయన అంటారు, నడిచారని నేను అంటాను. కపిలేశ్వరపురం రేవులో ఎవరో పెద్ద హీరో సినిమా తీస్తున్నారని తెలిసి, మా కొత్తపేట నుంచి గోదావరి దాటి చూడ్డానికి వెళ్ళారు. పడవ దిగే జనం చాలడం లేదని సినిమావాళ్ళు గట్టు మీద నిలబడ్డవాళ్ళలోంచి కొందరిని పిలిచారట. "తలకి ఆ తువ్వాలు అలాగే ఉంచండి. ఇసకలో ఇటునుంచి అటు మామూలుగా నడవండి, కెమెరా వైపు చూడకండి," అన్నారట. ఎండలో చాలాసార్లు నడిపించి, భోజనం పెట్టి పంపించారు.

"మామూలుగా నడవమన్నప్పుడు ఎంత కష్టమో నీకు తెలీదు," అన్నారు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ. "అడుగు ఎలా వేస్తారో కూడా మర్చిపోయేను."

ఏడాది తర్వాత ఆ సినిమా అమలాపురంలో ఆడింది. మా ఆడపడుచు కుటుంబాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. రేవు దృశ్యం రాగానే మా ఆయన సీట్లో ముందుకు జరిగారు. తెర నిండా ఆకాశం, గోదావరి, పడవలో నిలబడ్డ హీరో. తెర అడుగు అంచున తువ్వాలు ముడి ఒకటి, ఈత కొడుతున్న బాతు తలలాగా, ఇటునుంచి అటు పోయింది.

"అదిగో! అది నేనే!" అని అరిచారు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"తువ్వాళ్ళన్నీ ఒకేలా ఉంటాయి కదా అన్నయ్యా," అంది మా ఆడపడుచు. ఆమె పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

రెండు రోజుల తర్వాత బెంగుళూరు నుంచి మా మరిది కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్లకి అక్కడే ఉద్యోగం. "పెదనాన్నా, మిమ్మల్ని చూసేను! కాళ్ళ దాకా కనిపించేరు," అని ఒకటే కేకలు. అక్కడ నాలుగంతస్తుల మేడంత తెర ఉన్న హాలు ఒకటి ఉందట. మామూలు హాళ్ళలో బొమ్మని పైనా కిందా కోసేసి చూపిస్తారట, ఆ హాల్లో నిలువుగా మొత్తం వేస్తారట. మన హాల్లో కోసేసిన ఆ కింది ముక్కలో మా ఆయన ఉన్నారన్నమాట.

అప్పటినుంచి ఇంట్లో ఇదే గోల.

"అది కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. దానికోసం బెంగుళూరు వెళ్తామా అండీ?" అన్నాను. "కొన్నాళ్ళు ఆగితే ఫోన్లోకి వస్తుంది. ఆపుకుని ఆపుకుని చూసుకోవచ్చు."

"ఫోన్లోనూ కోసేసిందే వస్తుందట. పిల్ల చెప్పింది."

"రైలు టిక్కెట్లు, ఆటోలు, ఆ హాలు టిక్కెట్టు. కొబ్బరికాయ ధర పడిపోయిన ఏడాదే కావాలా మీకు?"

"నేను సినిమాలో ఉన్నది ఈ ఏడాదే కదే," అన్నారు.

పైగా ఆ తెర మీద ఆ సినిమా గురువారం వరకే ఉంటుందనీ, శుక్రవారం ఇంకో సినిమా వచ్చేస్తుందనీ ఆ పిల్ల చెప్పడంతో మా ఆయనకి అన్నం సయించలేదు. సరే పదండి అన్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. గంట కొడితే లేవడం, గంట కొడితే కూచోవడం అలవాటైన మనిషిని. గంటలు ఆగిపోయాక నాకు ఎక్కడా కుదురు లేకుండా పోయింది. ఇంట్లో సినిమా పెట్టుకుంటే మధ్యలో లేచి స్టవ్ చూసొస్తాను, బట్టలు తీసొస్తాను, మళ్ళీ వచ్చేసరికి కథ ఎటో పోయి ఉంటుంది. రైల్లోనూ అంతే. తెనాలి దాటేలోగా ఎన్నిసార్లు లేచి తలుపు దాకా వెళ్ళొచ్చానో. ఒక తెర ముందు మూడు గంటలు కదలకుండా కూచోడానికి అంతదూరం పోవడం, అందులోనూ నాలాంటిది, ఎంత తెలివితక్కువ పనో అని దారి పొడుగునా అనుకున్నాను. పైకి కూడా అన్నాను.

ఆ హాలు ఒక పెద్ద షాపింగ్ మాల్ మీద చిట్టచివరి అంతస్తులో ఉంది. లోపలికి వెళ్ళగానే కాళ్ళు ఆగిపోయాయి. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, బావిలోకి దిగుతున్నట్టు. ఎదురుగా గోడ ఉండాల్సిన చోటంతా తెరే. దాని చివర చూద్దామంటే మెడ తిప్పాల్సొచ్చింది. దీపాలు ఆర్పాక మొదటి చప్పుడు నా చెవుల్లో కాదు, రొమ్ము ఎముక దగ్గర వినిపించింది. సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాను. మా మరిది కూతురు అటుపక్క కూచుని, "భయపడకు పెద్దమ్మా, కాసేపటికి అలవాటైపోతుంది," అంది.

అలవాటైందో లేదో చెప్పలేను. అమలాపురంలో చూసినప్పుడు విసుగు పుట్టించిన కథే. అయినా లేచి పోవాలనిపించలేదు. హీరోయిన్ గడప మీద కూచుని గోళ్ళు కొరుక్కుంటుంటే ఆ వేళ్ళ మీద పసుపు మరకలు కనిపించాయి. గోదావరి మీద గాలి నీళ్ళని ఎటు తోస్తోందో తెలిసింది. తెలిసిన నీళ్ళే కదా, ఇలా ఎప్పుడు చూశానని ఆలోచనలో పడ్డాను.

విశ్రాంతి తర్వాత రేవు వచ్చింది. ఆకాశం, పడవ, హీరో. వాళ్ళ కింద, అమలాపురంలో చీకటి అంచు ఉన్న చోట, తడి ఇసక. ఆ ఇసకలో ముగ్గురు మనుషులు. మధ్యలో మా ఆయన, తలపాగా నుంచి పాదాల దాకా, మా ఇంటి ధ్వజస్తంభంలాంటి కొబ్బరిచెట్టంత ఎత్తున.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. నేను కూడా మెడ చాచి చూశాను. ఇటునుంచి అటు నడుస్తున్నారు. ఆయనకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ చేతులు ఊపుకుంటూ నడుస్తున్నారు. ఈయన ఎడమ చెయ్యి ఊగుతోంది. కుడి చెయ్యి ఊగడం లేదు. మోచేతి దగ్గర కొంచెం వంగి, ఒంటికి అంటుకుని, ఎవరిదో వస్తువు మోస్తున్నట్టు అలాగే ఉంది.

దృశ్యం మారిపోయింది. "చూసేవా?" అన్నారు చెవిలో.

"చూసేనండి."

తర్వాత తెర మీద ఏం జరిగిందో నాకు తెలీదు. మా మేనమామ గుర్తొచ్చారు. ఆయనకి వణుకుడు జబ్బు. చెంచా నోటి దాకా వెళ్ళేది కాదు చివరికి. వణుకు మొదలవడానికి చాలా ముందే మా అత్తయ్య ఎప్పుడూ అనేది, "మీ మావయ్య నడుస్తుంటే ఒక చెయ్యి ఊగడం మానేసిందే," అని. ఎవరూ పట్టించుకోలేదు. ఎండలో నడిచీ నడిచీ అలసిపోయారేమో, కెమెరా ముందు బిగుసుకుపోయారేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. మరి ఈమధ్య చొక్కా గుండీలు పెట్టుకోడానికి అంతసేపు ఎందుకవుతోంది? ఎరువుల కొట్లో సంతకం ఎందుకు చిన్నదైపోయింది?

బయటికొచ్చాక మా మరిది కూతురు పోస్టరు కింద ఆయన్ని నిలబెట్టి ఫోటోలు తీస్తోంది. ఆయన మొహం వెలిగిపోతోంది. నేను టిక్కెట్లు ఇచ్చే చోటుకి వెళ్ళి, మళ్ళీ వచ్చాను.

"మళ్ళీ చూద్దామండీ," అన్నాను.

"ఏంటీ?"

"తర్వాతి ఆట. ఇప్పుడే."

మా ఆయన నన్నూ ఆ పిల్లనీ మార్చి మార్చి చూశారు. "చూసేవా మీ పెద్దమ్మని? దారంతా నన్ను తిట్టిన మనిషి!" అని గట్టిగా నవ్వారు. ఆ పిల్ల ఫోన్లో వెతికితే ముందు వరసల్లో, ఒక పక్కకి మాత్రమే సీట్లు దొరికాయి. అక్కడినుంచి మనుషులు విల్లులా వంగి కనిపించారు, మెడ నరాలు లాగేశాయి. రేవు కోసమే కూచున్నాను. వచ్చినప్పుడు ఇంకేమీ చూడకుండా ఆ కుడి చెయ్యినే చూశాను. ఊగలేదు.

తిరుగు రైల్లో మా ఆయన అందరికీ ఫోన్లు చేశారు. "మా ఆవిడ పట్టుబట్టి రెండాటలు చూపించిందండీ! ఆయ్, తనే!" నేను కిటికీ పక్కన కూచున్నాను, లేచాను, మళ్ళీ కూచున్నాను. రాజమండ్రిలో దిగాక ఆయన నడక చూద్దామంటే పెట్టె ఆ చేత్తోనే పట్టుకున్నారు.

"పెట్టె నాకివ్వండి."

"నువ్వెందుకే మొయ్యడం?"

"ఇవ్వండి అంటున్నానా!"

ప్లాట్‌ఫారం మీద జనం చూసేలా అరిచాను. ఆయన బిత్తరపోయి ఇచ్చేశారు. ఖాళీ చేతులతో నడిచారు. ఆ చెయ్యి ఒంటికి అంటుకునే ఉంది. బస్సు జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి నాకు కళ్ళు మండుతున్నాయి.

ఆ వారమంతా సాయంత్రం కాలవగట్టు మీద ఆయన వెనకాల నడిచాను. "పక్కన నడవొచ్చు కదా, పోలీసులా వెనకెందుకు?" అని విసుక్కున్నారు. నాకే తెలియని సంగతి ఆయనకి ఏమని చెప్పను? చివరికి మా మరిది కూతురితోనే చెప్పాను. ఆ పిల్ల కాకినాడలో నరాల డాక్టరు గారి దగ్గర చూపించడానికి ఏర్పాటు చేసింది. మెడ నొప్పి నాకు, చూపించుకోవాలి, తోడు రండి అని ఆయన్ని బయల్దేరదీశాను.

గదిలోకి వెళ్ళాక అబద్ధం నిలవలేదు. చూడాల్సింది నన్ను కాదు, ఈయన్నని చెప్పాను. డాక్టరు గారు ఆయన్ని వరండాలో నడిపించారు, వేళ్ళు ముడిచి తెరవమన్నారు, కాగితం మీద ఒక వాక్యం రాయించారు. అక్షరాలు చివరికి వచ్చేసరికి చీమల్లా అయిపోయాయి.

"చాలా మొదట్లోనే వచ్చేరండి," అన్నారావిడ. "మందులు వాడాలి, వ్యాయామం మానకూడదు. చాలా ఏళ్ళు బాగా గడుస్తాయి. వణుకు కూడా లేదు ఇంకా, ఎలా గమనించేరమ్మా?"

"సినిమాలో చూశానండి," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమైంది. నా వైపు తిరిగి చూసి, మళ్ళీ గోడ వైపు చూశారు.

తిరుగు బస్సు మండపేట దాటింది.

"అయితే రెండో ఆట అందుకా?" అన్నారు అప్పుడు.

"ఆయ్."

"నా మొహం చూళ్ళేదా?"

నేను ఒళ్ళో మందుల సంచి సర్దుకున్నాను.

"పడవలోంచి మనవాళ్ళెవరో దిగుతున్నట్టు చూసేను. వాళ్ళు కెమెరా వైపు చూడొద్దన్నారంతే, ఇది చెప్పలేదు. నాకే తోచింది. మా అమ్మ పుట్టింటి నుంచి రేవు దిగుతున్నట్టు అనుకున్నాను. ఆ చూపు బాగా కుదిరిందని రెండోసారి చూసినప్పుడు అనిపించింది. నువ్వు అదే చూస్తున్నావనుకున్నాను."

మొదటిసారి చెయ్యి నా కళ్ళని లాగేసింది, రెండోసారి నేనే దాన్ని పట్టుకున్నాను. అంత పెద్ద తెర మీద మా ఆయన మొహం రెండుసార్లు వచ్చి పోయింది, నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. ఇప్పుడు చూద్దామన్నా ఆ హాల్లో ఆ సినిమా లేదు. ఫోన్లోకి వచ్చిన దాంట్లో నుదురు కూడా లేదు, తువ్వాలు ముడి ఒక్కటే. మా మరిది కూతురు ఇంకే ఊళ్ళోనైనా ఆడుతోందేమోనని వెతికింది. ఎక్కడా లేదు.

మందులు పడుతున్నాయి. నేల మీద గీసిన గీతలు దాటుతున్నట్టు పెద్ద పెద్ద అడుగులు వేస్తూ, రెండు చేతులూ భుజాల దాకా ఊపుతూ నడవమన్నారు. కాలవగట్టు మీద అలా నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు, "ఏం బాబాయ్, మళ్ళీ సినిమా వచ్చిందా?" అని అడుగుతారు. ఆయన కొన్నాళ్ళు సిగ్గుపడి మానేశారు. నేను కూడా పక్కన చేతులు ఊపుతూ నడవడం మొదలుపెట్టాక మళ్ళీ వస్తున్నారు. గుండీలు ఆయన్నే పెట్టుకోనిస్తాను. చూస్తూ కూచోవడం కష్టం. లేచి వంటింట్లోకి పోతాను, మళ్ళీ వస్తాను.

అంత డబ్బు పెట్టి అంతదూరం వెళ్ళి చూడ్డం దండగ కాదా అని మా ఆడపడుచు ఇప్పటికీ అడుగుతుంది. కాదని చెప్పడానికి చెయ్యి సంగతి ఎత్తాలి. అది ఎత్తితే మా ఆయన లేచి అరుగు మీదికి వెళ్ళిపోతారు. ఆయన దృష్టిలో అక్కడికి వెళ్ళింది జబ్బు కనుక్కోడానికి కాదు. అది నిజమే. అందుకని, "బావుందిలే, గోదావరి బాగా కనిపించింది," అంటాను. అది కూడా నిజమే.

మొన్న ఆయన ఫోన్ పట్టుకుని వచ్చారు. ఆ హాలుకి ఏదో సముద్రం సినిమా వస్తోందట, మొత్తం నీళ్ళ కిందే తీశారట.

"వెళ్దామా? ఇందులో నేనెలాగూ లేను. నువ్వు హాయిగా కూచుని చూడొచ్చు," అన్నారు.

మాట నవ్వుతూనే అన్నారు, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఈసారి ముందు వరసలు వద్దనీ, మెట్లు తక్కువ ఎక్కే చోట మధ్యలో చూడమనీ మా మరిది కూతురికి చెప్పమన్నాను. ఆయన అప్పటికే చెప్పేసి వచ్చారట.