వైడ్ షాట్‌లో అక్క పెళ్ళి

మా అక్క పెళ్ళి వీడియోను నేను ఒక్కడినే సర్వనాశనం చేశాను. ఇందులో మగపెళ్ళివారి సాయం ఏమీ లేదు.

అప్పుడే కెమెరా కోర్సులో చేరాను. మనుషుల్నీ, వాళ్ళున్న చోటునీ, వాళ్ళ మధ్య దూరాన్నీ ఒక్క చూపులో చూపించేది వైడ్ షాట్ అని మా సార్ చెప్పారు. ఆ రోజు నుంచి నేరేడ్‌మెట్‌లో మా ఇంటి టీ గ్లాసును కూడా వీధి చివర నిలబడి తీసేవాడిని.

పెళ్ళికి మాట్లాడిన వీడియో ఆయన్ని నేనే వద్దనిపించాను.

"వాళ్ళు స్టేజీ మీద అడ్డం నిలవడతరు నాన్నా. వచ్చినోళ్ళకు వాళ్ళ వీపులే కనవడ్తయి. నేను వెనకకెళ్ళి వైడ్‌ల తీస్తా."

నాన్న తలూపారు. అక్క మాత్రం నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, తాళి కట్టేటప్పుడు నేను తల వంచుకోని ఉంటా. ఆయన మొహం నాకు కనవడది. అది జెర మంచిగ తియ్యిరా. నాకు గదొక్కటి చాలు."

"పరేషాన్ కాకక్కా. బావ మొహమే కాదు, హాలు సుత వస్తది."

సైనిక్‌పురి ఫంక్షన్ హాల్లో చివరి కుర్చీల వెనక ట్రైపాడ్ పెట్టాను. మధ్యలో మండపం, అటూ ఇటూ పూల స్తంభాలు, ముందు బుద్ధిగా కూర్చున్న బంధువులు. నా ఫ్రేమును చూసి నాకే దణ్ణం పెట్టాలనిపించింది. రికార్డింగ్ షురూ చేసి, ఇక కెమెరాను కదపకూడదని వదిలేశాను.

ఒక్క సంగతి మా కోర్సులో చెప్పలేదు. గట్టిమేళం మోగితే మనవాళ్ళు కుర్చీల్లో కూర్చోరు. అక్షింతలు పట్టుకుని అందరూ ఒక్కసారే లేస్తారు.

తర్వాతి ఆదివారం కొత్త దంపతులు ఇంటికొచ్చారు. అందరం టీవీ ముందు చేరాం. మేళం మోగింది. తెర నిండా వీపులు.

"నేనేదిరా?" అంది అక్క.

"ఆ పచ్చ చీర పెద్దమ్మ వెనక."

"మీ బావ?"

"ఆ బట్టతల వెనక. కానీ హాలు చూడక్కా, ఎంత మంచిగొచ్చిందో!"

అక్క హాలు చూడలేదు. ఆమె కళ్ళు నిండాయి. నాకు నిజంగానే భయమేసింది.

ఇంతలో దేవుడు కరుణించి బట్టతల పక్కకు జరిగింది. ఆ సందులో తాళి పట్టుకున్న బావ చేతులు, సగం మొహం కనిపించాయి. అక్క ఆత్రంగా టీవీ దగ్గరికి జరిగింది. సరిగ్గా అప్పుడే క్రీమ్ రంగు షేర్వానీ వాడొకడు పరుగున వచ్చి ఆ సందులో నిలబడ్డాడు. చేతులు రెండూ పైకెత్తి అక్షింతలు చల్లాడు. మూడు ముళ్ళూ పడేదాకా కదల్లేదు.

"ఎవడండీ వీడు? మీ చుట్టమా?" అన్నాడు బావ.

"మావోడు కాదు. మీ దిక్కే అయ్యుంటడు" అన్నారు నాన్న.

అక్క కళ్ళు తుడుచుకుని తేరిపార చూసింది.

"గా షేర్వానీ నేనే కొనిచ్చిన."

మేళం వినగానే నేనూ అక్షింతలు తీసుకుని మండపం దగ్గరికి పరుగెత్తాను మరి. ఉన్నది ఒక్కతే అక్క, కెమెరా దగ్గర ఎలా నిలబడను?

కాబట్టి సమస్త బంధుమిత్రుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పెళ్ళిలోనూ కెమెరా ముందుకు వెళ్ళను. తప్పనిసరై వెళ్ళాల్సి వస్తే, నేల మీద పాక్కుంటూ వెళ్తాను.