ముక్కు మోగుతాందా, ఎద మోగుతాందా

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్క సీటులోని పసిబిడ్డ ముక్కు గుర్రుమంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటుంది. అంగన్‌వాడీలో వీధి వీధంతటి పిల్లల్నీ చూసుకునేదాన్ని, ఇంత చిన్న గురకకు భయపడతానంటే నవ్వొస్తుంది. నవ్వితే నవ్వండి. దాని వెనకే నాకు సుగుణమ్మక్క గొంతు కూడా వినిపిస్తుంది. "ముక్కు మోగుతాందా, ఎద మోగుతాందా? ముందు అది చూడు మ్మే!"

సుగుణమ్మక్క ఆళ్లగడ్డలో మా అత్తగారింటికి రెండిళ్ల అవతల ఉండేది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర తప్ప, ఆమె ఒంటి మీద ఇస్త్రీ బట్ట చూసినవాళ్లు లేరు. నోరు మహా కరుకు. ఎవరింట్లో బిడ్డ ఏడ్చినా పిలవకుండానే వచ్చేది, ఎవరో ఒకరిని తిట్టకుండా వెళ్లేది కాదు.

నా పెద్దకూతుర్ని మూడో నెలలో పుట్టింటి నుంచి అత్తగారింటికి తీసుకొచ్చిన వారానికే దానికి ముక్కు దిబ్బడ పట్టింది. రొమ్ము అందుకునేది, రెండు గుక్కలు తాగి వదిలేసేది, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. "పెరుగు తినొద్దంటే విన్యావా? చలవ చేసింది. నీకు పాలు కూడా ల్యావు, సీసా పాలు పట్టాల్సిందే" అని మా అత్త. మూడు రోజులు వినేసరికి నాకూ అదే నిజమనిపించింది. బిడ్డకు పాలివ్వలేని తల్లినయ్యానే అని గది మూలన కూర్చుని కుళ్లి కుళ్లి ఏడ్చాను.

సుగుణమ్మక్క గడప దాటేసరికి, ముక్కులో చుక్కలు వేద్దామని అత్త ఆముదం గిన్నె పట్టుకుని ఉంది.

"ఆడ పెట్టక్కా దాన్ని! ముక్కులో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది."

"మేమంతా పోసే పెంచినాంలే."

"పెంచినావు, నీ అదృష్టం."

అంటూనే బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. చొక్కా ఎత్తి డొక్కల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "పాలు లేక కాదు మ్మే. పసిబిడ్డ ముక్కుతోనే గాలి పీలుస్తాది. అది మూసుకుంటే పాలు తాగాల్నా, గాలి పీల్చాల్నా? పాపం, యాడ కుదురుతాది?"

మందుల షాపు నుంచి ఉప్పునీటి చుక్కల సీసా తెప్పించింది. ఒక్కో రంధ్రంలో రెండు చుక్కలు వేసి, కాసేపు ఆగి, బయటికొచ్చినంత మాత్రమే మెత్తని పాతగుడ్డతో తుడిచింది. అప్పుడు నా ఒళ్లో పెట్టింది. బిడ్డ రొమ్ము పట్టి, వదలకుండా, కడుపు నిండా తాగింది. నేను మళ్లీ ఏడ్చాను, కానీ ఈసారి సంతోషంతో.

అంతలో మా ఆయన పని నుంచి వచ్చాడు. ఆయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. వచ్చీరాగానే చేతులు కడుక్కుని బిడ్డను భుజాన వేసుకోవడం ఆయన అలవాటు. అది చూసి మేమంతా మురిసిపోయేవాళ్లం. సుగుణమ్మక్క ఆయన భుజం మీది తువ్వాలు లాగి ఒక్కసారి దులిపింది. గుప్పున రాతిపొడి లేచింది. "ఏందప్పా ఇది? చేతులు కడుగుతావ్, దీన్ని తెచ్చి బిడ్డ ముక్కు కింద పెడ్తావ్! స్నానం చేసి ఎత్తుకో పో." ఆ సాయంత్రం అత్త తనే నాకు గిన్నెడు పెరుగన్నం పెట్టింది.

ఇక నాకు తెలివి ఎక్కువైంది. చలికాలంలో బిడ్డకు మళ్లీ గురక మొదలైతే నేనే చుక్కలు వేశాను. పొద్దున్నుంచి మూడుసార్లు వేసినా తగ్గలేదు. సుగుణమ్మక్క వస్తే "నేను చూసుకుంటాండాలే అక్కా" అన్నాను, బడాయి! ఆమె నా మాట పట్టించుకోకుండా చొక్కా ఎత్తింది. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతున్నాయి.

"ఇది ముక్కు కాదు, ఎద. లెయ్ మ్మే, బేగా లెయ్!"

"నువ్వే ఏమన్నా చెయ్యక్కా" అని చేతులు పట్టుకున్నాను.

"నాకు తెలిసింది ఈడికే."

డాక్టరు కంటే ఎక్కువగా వీధంతా నమ్మే మనిషి, వాకిట్లో నలుగురి ముందు ఆ మాట అంది. కారు మాట్లాడి, ఇంట్లో కట్టుకున్న చీరతోనే నంద్యాల ఆసుపత్రి దాకా నా పక్కన కూర్చుంది. న్యుమోనియా అన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఐదో రోజుకు బిడ్డ మళ్లీ నా రొమ్ము వెతుక్కుంది. అదిప్పుడు డిగ్రీ చదువుతూ నాతోనే వాదనకు దిగుతుంది. సుగుణమ్మక్క పోయి నాలుగేళ్లయింది.

బస్సు కదిలింది. "ఒకసారి చూడనిస్తావా తల్లీ?" అని పక్క సీటులోని చిన్న వయసు తల్లిని అడిగి, బిడ్డ చొక్కా ఎత్తాను. డొక్కలు నెమ్మదిగా, సమంగా కదులుతున్నాయి. "ముక్కేలే" అన్నాను.

"పాలు తాగల్యా అక్కా. మా అత్త నాకు పాలే ల్యావంటాండాది" అంది ఆ పిల్ల, కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ.

పాలు ఉంటాయని చెప్పాను. చుక్కల సంగతి చెప్పాను. డొక్కలు ఎగరేస్తే మాత్రం ఒక్క గడియ కూడా ఆగకుండా ఆసుపత్రికి పొమ్మన్నాను. "ఇంకేమన్నా చెప్పక్కా, నీకు చానా తెలిసినట్లుంది" అంది. వాము పొగ, తమలపాకు, ఇంకా ఏవేవో చిట్కాలు నాలుక చివరి దాకా వచ్చాయి. అన్నీ మింగేశాను.

"నాకు తెలిసింది ఈడికే తల్లీ" అన్నాను.