కారు పట్టీకి రెండో కొస

మొన్న గడప తగిలి బోర్లా పడి పాప గడ్డం పగిలితే కాంపౌండరు అంటించిన ప్లాస్టరును ఈ సాయంత్రం తీయాల్సి వచ్చింది. మూడేళ్ల పిల్ల. పొద్దున్నుంచి వాయిదా వేస్తూనే ఉన్నాను. తీస్తే గాయం మళ్లీ తెరుచుకుంటుందేమో, తీయకపోతే లోపల చీము పడుతుందేమో. కాలేజీ చదువులో నాకు బాగా అబ్బింది ఇలా రెండు వైపులా భయపడటమే. చివరకు నూనెలో ముంచిన దూదితో అంచులు తడుపుతుంటే నా వేళ్లు వణికాయి. పాప మాత్రం కదలకుండా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ దూది, ఆ నూనె వాసన నన్ను ఆదిలాబాదుకు, మా బాపు నడిపిన నల్లకారు దగ్గరికి తీసుకుపోయాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బాపు ఒక పత్తి జిన్నింగు మిల్లు సేటు దగ్గర డ్రైవరు. మిల్లు ఆవరణలోనే మాకొక గది ఇచ్చారు. అది పనితో వచ్చిన గది, పని పోతే పోతుంది. మాకు ముందున్న డ్రైవరు బానెట్టు మీద పడిన ఒక్క గీతకు ఆ గది ఖాళీ చేశాడని అవ్వ, అంటే మా అమ్మ, తరచూ గుర్తుచేసేది. కారు పాతదే, ఎవరో దొర అమ్ముకుంటే సేటు కొన్నాడు. బానెట్టుకు రెండు పక్కలా వెండిలా మెరవాల్సిన బారెడు పట్టీలు ఉండేవి. అవి మాసి తుప్పు చుక్కలు పడ్డాయి. సేటు ఊరెళ్లిన ఒకనాడు, బాపుకు సాయం చేద్దామని, చింతపండు, బూడిద తెచ్చి ఇత్తడి బిందెను తోమినట్టు ఒక పట్టీని తోమాను. పట్టీ మెరిసింది. పులుపునీళ్లు బూడిదతో సహా దాని సందులోకి దిగాయి. పక్కనున్న నల్లరంగు జానెడు మేర మసకబారింది.

బాపు చూసి చక్రం పక్కన కూర్చుండిపోయాడు. తిట్టే పని అవ్వే చూసుకుంది. "గిన్నెలు తోమమంటె చేతులు నొస్తయట. సేటు కారైతె తోమబుద్ధయిందట దొరసానికి."

"పట్టీ ఊడదియ్యాలె. గా పులుపు అట్లనే ఉంటె రంగును తింటది. సాయంత్రం రైలుకు సేటొస్తుండు" అన్నాడు బాపు. అయితే ఇనుప పనిముట్టు దూరిస్తే రంగు పెచ్చులుగా లేస్తుంది. అవ్వది నేతపని చేసే పుట్టిల్లు. మగ్గం మీద పోగులను విడదీసే వెదురు బద్ద ఒకటి ఆమె పెట్టెలో ఉండేది, ఏళ్ల తరబడి నూలు ఒరిసి అద్దంలా నునుపుదేలిన బద్ద. అది తెచ్చి బాపు చేతిలో పెట్టింది. "నూలుపోగునే తెంపలే ఇది. నీ కారునేం చేస్తది?"

బాపు ముందు కారును కడిగాడు. పట్టీ వెనక కొక్కేలున్న చోటల్లా కోడి ఈకతో కిరసనాయిలు చుక్కలు వదిలి, నానేదాకా ఆగాడు. తర్వాత రంగు మీద మెత్తని గుడ్డ పరిచి, బద్దను ఒక కొక్కెం దగ్గరికి జరిపి కొంచెం మెలిపెట్టేవాడు. అది సడలితే తర్వాతి దానికి పోయేవాడు. ఒకే కొస నుంచి లాగితే పట్టీ వంగిపోతుందట. ఊడిన కొస కిందికి వేలాడకుండా నన్ను పట్టుకోమన్నాడు. "గుంజకు బిడ్డా. ఉత్తగ పట్టుకో. అది వచ్చినప్పుడే రానియ్యి." నా చేతుల్లో పట్టీ సన్నగా వణుకుతూనే ఉంది. ఎంత బిగపట్టినా ఆగలేదు. నా భయమే అనుకున్నాను.

అంతా కడిగి, మసకబారిన చోట మిల్లు దూదికి కొబ్బరినూనె అద్ది రుద్ది, పట్టీ బిగించేసరికి సేటు రానే వచ్చాడు. బాపు దాచలేదు. "మా పిల్ల చింతపండు వెట్టి తోమింది సేట్. విప్పి కడిగిన." సేటు వంగి చూశాడు. నెమ్మదిగా కారు చుట్టూ తిరిగాడు. అవ్వ గది తలుపు పట్టుకుని నిలబడింది.

"గీ దిక్కు గింత మెరుస్తుంది గదా. ఆ దిక్కేం పాపం చేసింది?" అన్నాడు సేటు.

మరునాడు రెండో పట్టీ విప్పినప్పుడు కూడా కొస పట్టుకున్నది నేనే. ఈసారి అది వణకలేదు. నాకు ధైర్యం వచ్చిందని చాలా రోజులు గర్వపడ్డాను.

ఈ సాయంత్రం ప్లాస్టరు మెల్లగా ఊడి వచ్చింది. గాయం మూసుకునే ఉంది. పాప నా చేతిని పట్టుకుని, "నేను వణుకుతున్ననా అమ్మా?" అని అడిగింది. కాదు, నేనే, అన్నాను. ఆనాటి వణుకు పట్టీకి అవతలి కొసన ఉన్న బాపు చేతుల నుంచి వచ్చిందని తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.