దమ్ము చేలో గెలిచిన జీపు

మొన్న ఆదివారం పొద్దున్నే మా అల్లుడుగారు ఏలూరు నుంచి నా ఫోనుకు పదిహేను ఫొటోలు పంపించారు, అన్నీ ఒకే బండివి. చెరువులకు మేత బస్తాల ట్రెయిలరు లాగడానికి సెకండ్ హ్యాండులో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకోవాలని ఆయన తాపత్రయం. ముందు నుంచీ, వెనక నుంచీ, సీట్లూ, ఆఖరికి పాటలు వినే పెట్టె కూడా ఫొటో తీశారు గాని, బండి కింద ఏముందో ఒక్కదాన్లోనూ లేదు. కళ్లజోడు సర్దుకుని చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నలభై ఏళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే రంగు చూసి మనసు పారేసుకున్నవాణ్ణే.

అప్పట్లో కలిదిండి దగ్గర మా వరిచేలల్లో ఒక ముక్క తవ్వించి చేపల చెరువు వేశాను. మా నాన్నగారికి అది బొత్తిగా గిట్టలేదు, అన్నం పెట్టే చేనుకు గొయ్యి తీస్తావా అని నెల రోజులు నాతో సరిగా మాట్లాడనే లేదు. దానికి తోడు మొదటి చేపల పట్టుబడి నాడే వాన కురిసి, అద్దె ట్రాక్టరు ఎంతకీ రాక, ఎవరినో బతిమాలి తెచ్చిన జీపు చేపల ట్రెయిలరుతో సహా గట్టు మీద దిగబడి, మధ్యాహ్నానికల్లా ఐసు కరిగి సగం చేపలు మెత్తబడిపోయాయి. నాన్నగారు తిట్టలేదు, తిట్టినా బాగుండేది. సొంతానికి మంచి బండి చూసుకోమని, రెండోసారి కూడా సరుకు రోడ్డెక్కకపోతే చెరువు పూడ్చి వరి నాటేస్తానని చెప్పేశారు. మాట తప్పే మనిషి కాదాయన.

ఇక నేనూ, మా అక్కయ్య భర్త అయిన బావగారూ బండి వేటలో పడ్డాం. ఆయనకు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం, బేరమాడటంలో తనను మించినవాడు లేడని ఆయనకే గట్టి నమ్మకం. అక్కడే ఒక పచ్చ జీపు దొరికింది, కొత్త రంగు, కొత్త టాపు, తలుపులో మొహం చూసుకోవచ్చు. భీమడోలులో ఇంకోటి ఉంది గాని దాని రంగేమిటో చెప్పడం కష్టం, తలుపు తాడుతో కట్టి ఉంది. రెండూ ఫోర్ వీల్ బళ్లేనని అమ్మేవాళ్లు ఒట్లు పెట్టారు. నాకు పచ్చదాని మీదే మనసు.

నాన్నగారు మాత్రం రెండింటినీ మా చేను దగ్గరకు తెమ్మన్నారు. జన్మలో స్టీరింగు పట్టినవారు కారు, ఆయనకు తెలిసిందల్లా ఎడ్లను కొనడమే. మా వైపు ఎడ్లకు పళ్లు చూసి, సుళ్లు చూసి, నడక చూసి, అప్పటికీ నమ్మకం కుదరక నిండు బండి కట్టి బురదలో లాగించి చూశాకే ధర మాట ఎత్తేవారు. జీపుకూ అదే పరీక్ష పెట్టారు. బస్తాలు నింపిన ట్రెయిలరు తగిలించి, నాట్ల కోసం దమ్ము చేసి ఉంచిన బురద చేలోకి దింపమన్నారు. అమ్మేవాళ్ల ముందు నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"మావయ్యగారూ, అది ఎద్దు కాదండీ, ఇంజనండీ," అని బావగారు నచ్చజెప్పబోయారు.

"లాగేది ఏదైనా ఎద్దేనండీ అల్లుడుగారూ, దింపమనండి," అన్నారు నాన్నగారు.

పచ్చ జీపు హుందాగా దిగి, నాలుగు బారలు వెళ్లి ఆగిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి మా అందరి బట్టలకూ బురద కొట్టాయి గాని ముందు చక్రాలు కదిలితే ఒట్టు. అమ్మేవాడు ఫోర్ వీల్ లీవరు వేశానంటాడు, నిజంగానే వేశాడు. నాన్నగారు పంచె ఎగ్గట్టి దాని కిందకు వంగి చూశారు, గట్టు మీదున్న భీమడోలు బండి కిందా చూసి వచ్చి, దానికి రెండు ఇనప కడ్డీలున్నాయి, దీనికి ఒకటే ఉందేమిటండీ అని అడిగారు. ముందు చక్రాలను తిప్పే షాఫ్టును ఎవరో ఎప్పుడో ఊడదీసుకున్నారన్నమాట. పైన పటారం, లోన లొటారం! భీమడోలు డొక్కు జీపు మాత్రం అదే బస్తాలను చేను ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చి, తిరిగొచ్చి పచ్చదాన్ని కూడా బయటికి లాగింది. తనకు ముందే అనుమానం వచ్చిందని బావగారు అప్పటికప్పుడు ప్లేటు తిప్పేశారు.

రెండో పట్టుబడి నాడూ వాన వదల్లేదు. అయినా మేం కొన్న భీమడోలు జీపు ట్రెయిలరును ఈడ్చుకెళ్లి, పొద్దున తొమ్మిదింటికల్లా చేపలన్నీ రోడ్డు మీది లారీ ఎక్కాయి. నాన్నగారు జీపు ముందుకు వెళ్లి, ఎద్దు మెడ నిమిరినట్టు బానెట్టు నిమిరారు. అంత సంతోషం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. తరువాత ఏటేటా ఒక్కో చేను తవ్వుకుంటూ పోతుంటే ఆయన అడ్డు చెప్పలేదు, కాకపోతే ఆ పరీక్ష పెట్టిన చేను మాత్రం ఉంచమని, ఇంకో బండి కొనేటప్పుడు పనికొస్తుందని అన్నారు. అదొక వేళాకోళమనుకుని నవ్వేశాను.

ఇవన్నీ తలుచుకుని అల్లుడుగారికి ఫోను చేసి, కొనబోయే ముందు బండిని దమ్ము చేలో దింపి చూడమన్నాను. ఏ చేలో దింపమంటారండీ అని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు. జవాబు చెబుదామని వసారాలోంచి బయటకు చూశాను. కనుచూపు మేర అన్నీ చెరువులే, గట్లన్నీ కంకర రోడ్లే. నాన్నగారు ఉంచమన్న ఆ చేనును ఆయన పోయిన రెండేళ్లకు నేనే తవ్వించాను. బండి దగ్గరకు నేనే వస్తానని, కిందకు వంగి చూడటానికి పాత పంచె ఒకటి కట్టుకొస్తానని మాత్రం చెప్పాను.