వేట నిషేధంలో వచ్చిన గేమ్

2025 ఏప్రిల్. కావలిలో నా కంప్యూటర్ల షాపు. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై, జువ్వలదిన్నె హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసిన రోజులవి. బోటు డ్రైవరు శీనయ్య, పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు మౌనికను వెంటబెట్టుకుని, సీపీయూని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు.

"అన్నా, ఓడలు నడిపే గేమ్ కొత్తది వచ్చినాది. మా దాంట్లో వేస్తే బొమ్మ కదలకుండా నిలబడిపోతాది," అన్నాడు.

విప్పి చూశాను. గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మను గీసే భాగం, ఏ కాలం నాటిదో! పైగా ఉప్పుగాలికి తుప్పు పట్టింది. ఇప్పటి గేమ్‌లకు అది ఏ మూలకూ చాలదు.

నాకేమో కొత్త కార్డులు మార్కెట్లోకి దిగే లాంచ్‌లంటే పిచ్చి. పెళ్ళిరోజు మరిచిపోతాను గానీ లాంచ్ తేదీ మరిచిపోనని మా ఆవిడ దెప్పుతుంటుంది. వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టాను.

"ఇప్పుడు కొనొద్దు శీనయ్యా! త్వరలోనే కొత్త సిరీస్ దిగుతుంది. మొదట్లో స్టాకు దొరకదు. ఓపిక పడితే జూలైకి బ్రహ్మాండమైన కార్డు వేసిస్తాను."

"జూలైకి నేను సముద్రంలో ఉంటా గదన్నా."

"నేను నెల్లూరు హాస్టల్లో ఉంటాను అంకుల్," అంది మౌనిక. "నాయన ఇంటి పట్టున ఉండేది ఈ రెండు నెలలే. ఏటా ఒక గేమ్ పట్టి ఇద్దరం చివరిదాకా ఆడతాం. ఇంటర్‌లో ఎండాకాలం సెలవులు కూడా ఇవ్వరంట. ఇంక మాకు ఈ ఏడే."

ఉపన్యాసం కట్టిపెట్టాను. అప్పటికప్పుడు నెల్లూరు హోల్‌సేల్ షాపుకు ఫోన్ కొట్టాను. పాత సిరీస్‌లో మంచి కార్డు ఒక్కటే మిగిలి ఉంది. సాయంత్రానికి బస్సు పార్సిల్‌లో తెప్పించి బిగించాను.

గేమ్ తెరుచుకుంది. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్క, అరవై దాటింది! తెర నిండా తుఫాను. మౌనిక ఓడ తిప్పుతుంటే శీనయ్య కుర్చీలోంచి లేచిపోయాడు.

"మే, అలకు అడ్డంగా పెట్టబాక! ముక్కు ఎదురుగా తిప్పు!"

"తిప్పతన్నా నాయనా, నువ్వు అరవబాక!"

ఓడ అల ఎక్కి దిగింది. వాళ్ళిద్దరికంటే నేనే గట్టిగా కేక పెట్టాను. పక్క టీకొట్టు వాళ్ళు ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు. అంత సంతోషం నాకు ఏ లాంచ్‌లోనూ కలగలేదు.

నేను చెప్పినట్టే కొత్త కార్డు వచ్చింది. పాతదానికంటే మేలైనదే. జూన్‌లో ఉండబట్టలేక శీనయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

"రానీలే అన్నా. మా గేమ్ అయిపోయినాది. బిడ్డను హాస్టల్లో దించి వచ్చినా, రేపు బోటెక్కతా," అన్నాడు తృప్తిగా.

ఇప్పుడు కార్డు కోసం ఎవరొచ్చినా లాంచ్ సంగతి తర్వాతే ఎత్తుతాను. ముందు అడిగేది ఒకటే: "ఎవరితో ఆడతారు? వాళ్ళు ఎన్నాళ్ళుంటారు?"