గొంతు అరువిచ్చిన బాబక్క

స్టూడియోలో ఆమెను అందరూ బాబక్క అంటారు. అయిదేళ్లప్పుడు, జ్వరం తగ్గాక జుట్టు కురచగా కత్తిరించిన రోజుల్లో, కుట్టుపని చేసే వాళ్లమ్మ సీరియల్ వాళ్లకు బట్టలివ్వడానికి వెళ్తూ వెంట తీసుకెళ్లింది. దర్శకుడు చూసి, "ఈ బాబు భలే ఉన్నాడే!" అన్నాడు.

"బాబు కాదండీ, పాప," అంది తల్లి.

"అయితే ఏం? టీవీకి తెలుస్తుందా?"

అంతే. ఆరేళ్లపాటు ఆ పిల్ల రోజూ సాయంత్రం ఇంటింటికీ మనవడైపోయింది. బస్సెక్కితే ముసలమ్మలు బుగ్గలు పుణికేవాళ్లు. పదకొండో ఏట ఉన్నట్టుండి జానెడు పొడుగెదిగింది. కథలో బాబును హాస్టల్‌కు పంపేశారు. మరుసటి సోమవారం బాబు మీసాలతో దిగాడు, వేరే నటుడన్నమాట.

ఆపైన అయిదేళ్లు ఎక్కే గడప, దిగే గడప. "నిన్ను చూస్తే బాబే గుర్తొస్తాడు," అని ఒకరు, "అచ్చం బాబులా లేవే," అని ఇంకొకరు. అమ్మకు ఒళ్లు మండింది. "ఉన్నా తప్పే, లేకపోయినా తప్పేనా? పోనీవే, మనకి సూదీదారం ఉంది!"

కాజాలు కుడుతూనే పరీక్షలు రాసింది. పదహారో ఏట, డబ్బింగ్ చెప్పాల్సిన అబ్బాయికి గొంతు పట్టేస్తే, పాత సీరియల్‌లో పనిచేసిన సౌండు ఇంజనీరుకు ఆమె గుర్తొచ్చింది. ఒక్క పూటలో మొత్తం చెప్పేసింది. అప్పట్నుంచి ఇరవై రెండేళ్లు, తెర మీద ఏ పిల్లాడు అలిగినా, ఏ పిల్ల ఏడ్చినా గొంతు బాబక్కదే. పరుగెత్తే సీనైతే మైకు ముందు నిలబడ్డచోటే గెంతి ఆయాసం తెచ్చుకునేది.

కిందటేడు ఒక కొత్త సీరియల్‌లో వేషం వేసిన ఎనిమిదేళ్ల పిల్ల స్టూడియోకొచ్చింది. తెర మీద తన నోట బాబక్క గొంతు విని, "అది నేను కాదు," అంది. కళ్లనిండా నీళ్లు.

"నీ గొంతు చెంబు తోమినట్టుంటుందమ్మా," అని నవ్వాడు ఆ సీరియల్ దర్శకుడు.

బాబక్క హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. "ఈ పిల్లే చెప్తుంది. మూడు రోజులివ్వండి. కుదరకపోతే నేను ఉన్నానుగా."

మొదటిరోజంతా ఆ పిల్ల బాబక్కనే అనుకరించింది.

"నన్ను వెక్కిరించకే. అమ్మ మీద అలిగితే నువ్వేమంటావ్?"

"ఏమీ అనను. తలుపేసుకుంటాను."

"అయితే వేసుకునే చెప్పు."

పిల్ల రికార్డింగ్ గదిలోకెళ్లి తలుపు ధడాలున వేసింది. లోపల్నుంచి వచ్చిన ఆ గరగర గొంతుకు సౌండు ఇంజనీరు తలెత్తి చూశాడు. మూడోరోజు దర్శకుడు రెండుసార్లు విని అదే ఉంచేశాడు.

ఆ తర్వాత పిల్లలకు నేర్పమని పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు, గొంతివ్వమనేవాళ్లు తగ్గారు. "నీ కంచంలో కూడు నువ్వే తీసి పంచుతున్నావే," అంది అమ్మ.

"ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయమ్మా. ఇంకెన్నాళ్లు పిల్లాడిగా ఉండను?"

అమ్మ ఫక్కున నవ్వింది.

ఇప్పుడామె తల్లి పాత్రలకు గొంతిస్తోంది. మొదటిరోజు, అలవాటు కొద్దీ, కొడుకును తిట్టాల్సిన చోట కొడుకులాగే మారాం చేసింది. రెండో టేకుకు కుదిరింది.